కరిచినప్పుడే తెరుచుకునే పద్దు

రెండు తెలుగు రాష్ట్రాల చిన్న పట్టణాల మున్సిపల్ చైర్‌పర్సన్లకు, కమిషనర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

బడ్జెట్ అంచనాలు కౌన్సిల్ ముందుకు వచ్చే రోజుల్లో ఈ ఉత్తరం మీ చేతికి అందాలని రాస్తున్నాను. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల మాట వేరు. వాటికి వీధికుక్కల సంతాన నియంత్రణ ఆపరేషన్ కేంద్రాలున్నాయి, పశువైద్య విభాగాలున్నాయి, బ్లూక్రాస్, విశాఖ ఎస్పీసీఏ లాంటి పాత జంతు సంక్షేమ సంస్థల అనుభవం చేతికందే దూరంలో ఉంది. నేను రాస్తున్నది అవేవీ లేని ఊళ్లకు. లక్ష జనాభాకు అటూ ఇటూగా ఉండి, ఒక పశువైద్యశాల, ఇద్దరు ముగ్గురు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఎప్పుడూ చాలని సాధారణ నిధి ఉన్న పట్టణాలకు.

ఇలాంటి ఊళ్లలో వీధికుక్కల మీద డబ్బు ఎప్పుడు కదులుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏదో వార్డులో పిల్లవాణ్ని కుక్కలు కరుస్తాయి. పేపర్లో ఫొటో పడుతుంది. కౌన్సిల్ మీటింగులో ఆ వార్డు సభ్యులు లేచి నిలబడతారు. కుక్కలు పట్టేవాళ్లను ఎక్కడినుంచో పిలిపిస్తారు. వారం పది రోజులు బండి తిరుగుతుంది. పట్టినవాటిలో కొన్నిటికి ఆపరేషన్ అవుతుంది, కొన్నిటిని పొలిమేర దాటించి వదిలేస్తారు. పొలిమేర దాటించడం చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, అడిగేవాళ్లుండరు. తర్వాత అంతా సద్దుమణుగుతుంది, మళ్లీ ఎవరినో కరిచేదాకా. మీరు తక్కువ ఖర్చు పెడుతున్నారన్నది నా ఫిర్యాదు కాదు. పెట్టిన రూపాయి పనిచేయని పద్ధతిలో పెడుతున్నారన్నది నా ఫిర్యాదు.

కుక్కలు పశుసంవర్ధక శాఖ చూసుకోవాలి, మాకేం సంబంధం అనే మాట కొన్ని కౌన్సిళ్లలో వినిపిస్తుంటుంది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలు ఒకసారి తిరగేయండి. పట్టణ సంస్థలకు చెప్పిన 18 పనుల్లో పదిహేనోది బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. కుక్కల సంతాన నియంత్రణకు 2001లో వచ్చిన నిబంధనలూ, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలూ ఆ పనిని స్థానిక సంస్థ నెత్తినే పెట్టాయి. పని అప్పగించారు, పనికి తగిన రాబడి అప్పగించలేదు. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

బందెలదొడ్డికి ఈ చిక్కు ఉండేది కాదు. 1871 నాటి చట్టం దాన్ని తన ఖర్చు తానే రాబట్టుకునేలా కట్టింది. చేలో పడ్డ గేదెను దొడ్లో కట్టేస్తే యజమాని వచ్చి బందె కట్టి, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే వేలం. గేదెకు యజమాని ఉన్నాడు, అంగట్లో ధర ఉంది కాబట్టి దొడ్డి నడిచింది. వీధికుక్కకు ఆ రెండూ లేవు. దాని షెడ్డు ఏనాటికీ తన ఖర్చు తాను సంపాదించుకోలేదు. అది ఇంటిపన్నులోంచో, పైనుంచి వచ్చే గ్రాంటులోంచో రావాల్సిందే. ఈ సంగతి ముందే ఒప్పుకుని కూర్చుంటే మిగతాది లెక్కల వ్యవహారం.

ఆ లెక్కలే చూద్దాం. ఊళ్లోని కుక్కలన్నిటినీ షెడ్డుకి తోలేయాలన్నది జనానికి నచ్చే మాట. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ పరిసరాలకు ఇంచుమించు అదే చెప్పింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది: రేబిస్ సోకినవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. కరుణ మాట పక్కనపెట్టి ఖజానా వైపు నుంచి చూసినా ఈ సవరణే దారి. బెంగళూరు కార్పొరేషన్ 2025లో 5,000 వీధికుక్కలకు రోజూ ఒక పూట తిండి పెట్టే పథకానికి 2 కోట్ల 88 లక్షల రూపాయలు అనుకుంది. కుక్కకు ఏడాదికి 5,760 రూపాయలు. ఒక పూట తిండికే. స్థలం, రేకులు, నీళ్లు, కడిగే మనుషులు, డాక్టరు, మందులు అందులో లేవు. ఇటు జంతు సంక్షేమ బోర్డు సూచనగా టెండర్లలో కనబడే రేటు కుక్కకు 1,650 రూపాయలు. పట్టడం, ఆపరేషన్, రేబిస్ టీకా, కోలుకునేదాకా పంజరంలో తిండి, తిరిగి వదలడం అన్నీ కలిపి, కుక్క జీవితంలో ఒక్కసారి.

మీ ఊళ్లో 3,000 కుక్కలున్నాయనుకుందాం. వాటిలో 70 శాతానికి, అంటే 2,100 కుక్కలకు, ఆపరేషన్ చేయిస్తే 34 లక్షల 65 వేలు అవుతుంది. లక్ష జనాభాకు తలా 35 రూపాయలు. అదే 3,000 కుక్కల్ని షెడ్లో పెడితే, ఆ ఒక పూట తిండి లెక్కనే, ఏటా కోటీ 73 లక్షలు. వచ్చే ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. ఏ చైర్‌పర్సన్ అయినా ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి కౌన్సిల్లో చదివితే షెడ్డు తీర్మానం దానంతటదే నీరుగారిపోతుంది.

అయినా షెడ్డు పూర్తిగా తప్పదు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, కాలేజీలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కల్ని తొలగించి, ఆపరేషన్, టీకా చేసి షెల్టర్లకు పంపాలని, మళ్లీ అక్కడ వదలకూడదని ఆదేశించింది. ఆ ఆవరణలకు ప్రహరీలు, గేట్లు పెట్టమంది. కాబట్టి మీకు రెండు పద్దులు కావాలి: తిరిగి వదలలేని కొద్దిపాటి కుక్కలకు చిన్న షెడ్డు, మిగతా ఊరంతటికీ ఆపరేషన్లు. ఈ రెండూ ఒకే పద్దులో ఉంటే ప్రమాదం. షెడ్లోని కుక్క రోజూ తింటుంది, దాని బిల్లు ఆగదు. ఆపరేషన్లను మాత్రం వచ్చే నెలకి, ఆ పై నెలకి తోసేయవచ్చు. రెండేళ్లు గడిచేసరికి డబ్బంతా షెడ్డు మింగేసి, బయట కుక్కల సంఖ్య మొదటికే వస్తుంది. బడి ఆవరణ ఖాళీ చేయించినా, చుట్టూ నాలుగు వీధుల్లో ఈనే కుక్కలుంటే ఆ ఖాళీ ఎన్నాళ్లో నిలవదు. ప్రహరీ లేని బడుల జాబితా ముందు తయారు చేయించండి. గోడ ఖర్చు ఒక్కసారిదే, అది మీ కుక్కల పద్దులోంచే పోవాలన్న నియమమూ లేదు.

ఇప్పుడు టెండరు సంగతి. అసలు ఈ ఉత్తరం దీనికోసమే రాయాల్సి వచ్చింది.

మన దగ్గర కాంట్రాక్టు తలసరి పద్ధతిలో ఉంటుంది. ఇన్ని కుక్కలు, కుక్కకు ఇంత. దొంగలెక్కలు రాయకుండా పద్ధతులూ ఉన్నాయి: తీసిన గర్భసంచుల్ని, వృషణాల్ని భద్రపరిచి, లెక్కపెట్టించి, ఆ లెక్క మీద బిల్లు పాస్ చేయాలి. మంచి కట్టడే. కానీ అది ఆపరేషన్ జరిగిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఆ ఆపరేషన్ వల్ల ఊరికి ఏమైనా ఒరిగిందా అన్నది చెప్పదు. తలకింత అని రేటు కట్టినప్పుడు పట్టేవాళ్లు ఏం చేస్తారు? సులువుగా దొరికే కుక్కని పడతారు. బిస్కెట్ చూపిస్తే తోక ఊపుకుంటూ వచ్చేదాన్ని. మనిషిని చూస్తే పారిపోయే ఆడకుక్క, గుడి వెనక తుప్పల్లో ఏడాదికి రెండు ఈతలు ఈనేది, ఎప్పటికీ దొరకదు. మగకుక్క ఆపరేషన్ చిన్నది, త్వరగా అయిపోతుంది. ఆడకుక్కకు పొట్ట కోయాలి, మందు ఎక్కువ, టైం ఎక్కువ. రేటు మాత్రం ఒకటే. ఇక దేనికి ఎక్కువ చేస్తారో ఊహించడానికి ఆర్థిక శాస్త్రం చదవక్కర్లేదు. వెయ్యి ఆపరేషన్లు ముప్పై వార్డుల మీద చిలకరిస్తే, ఏ వార్డులోనూ సగం కుక్కలకైనా పూర్తికాదు. మిగిలిన సగం పిల్లల్ని పెడుతూనే ఉంటాయి, తిండికి పోటీ తగ్గింది కాబట్టి ఆ పిల్లలు మరిన్ని బతుకుతాయి.

జైపూర్‌లో హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ 1994 చివర్లో పని మొదలుపెట్టి, 2002 చివరికి దాదాపు 25,000 కుక్కలకు ఆపరేషన్లు చేసింది. ఆ ప్రాంతంలోని ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. ఎనిమిదేళ్లు పట్టింది, అదీ ఒకే ప్రాంతాన్ని పట్టుకుని వదలకుండా చేస్తే. మన దగ్గర బండి పది రోజులు తిరిగి ఆగిపోతుంది. చంపడం మీద నమ్మకం ఉన్నవాళ్లు మద్రాసు చరిత్ర చూడొచ్చు. 1990ల మధ్యకొచ్చేసరికి అక్కడి కార్పొరేషన్ రోజుకు వంద కుక్కలకు పైనే చంపేదని చెన్నై బ్లూక్రాస్ వాళ్ల లెక్క. అయినా కుక్కలు తగ్గలేదు. 1960ల నుంచీ ఆపరేషన్లే చేద్దామని ఆ సంస్థ చెబుతూ వస్తే 1996లో గాని కార్పొరేషన్ వినలేదు.

అందుకని నా విన్నపం ఇది: తలకింత అని కాక, వార్డుకింత అని కాంట్రాక్టు ఇవ్వండి. పని మొదలయ్యే ముందు పశువైద్యుడూ, వార్డు సిబ్బందీ కలిసి ఆ వార్డులో కుక్కల్ని లెక్కపెట్టాలి, ఆడవీ మగవీ విడివిడిగా. పని అయ్యాక మళ్లీ లెక్కపెట్టాలి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి మీద గాటు ఉంటుంది, దూరం నుంచీ కనబడుతుంది. చెవి గాటు ఉన్న ఆడకుక్కలు 70 శాతం దాటితే పూర్తి బిల్లు, దాటకపోతే కొంత ఆపి, పూర్తిచేశాక ఇవ్వండి. ఆడకుక్కకు రేటు కొంచెం ఎక్కువ పెట్టండి. తెలంగాణలో ఉన్నవారికి ఇలాంటి పద్ధతి కొత్తేమీ కాదు. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి తీసిపెట్టమంది, మొక్క నాటినందుకు కాకుండా 85 శాతం బతికినందుకు లెక్క అడిగింది. చెట్లకు పెట్టిన షరతు కుక్కలకు పెట్టలేమా?

పట్టేవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. వార్డు మొత్తం పూర్తిచేస్తేనే డబ్బంటే, ఆ డబ్బు టైముకి అందాలి. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి బిల్లు పెండింగులో ఉంటే మంచి సంస్థ ఏదీ మీ టెండరు వైపు తొంగిచూడదు. అప్పు తెచ్చి నడపగలిగినవాడే మిగులుతాడు, వాడు మత్తుమందులోనూ కుక్కల తిండిలోనూ కోత పెట్టి ఆ వడ్డీ రాబట్టుకుంటాడు. ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు పంజరంలో ఉంచాల్సిన కుక్కని రెండో రోజే రోడ్డు మీద వదిలేస్తే కుట్లు ఊడతాయి, పురుగు పడుతుంది, అది చూసిన వీధివాళ్లు మర్నాటి నుంచి బండిని రానివ్వరు. ఆలస్యమైన చెక్కు అంత దూరం పోతుంది.

డబ్బు ఎక్కడినుంచి? సాధారణ నిధిలో ప్రత్యేక పద్దు తెరవడం మొదటిది. పేరు కూడా పెట్టండి, దోమల మందుతోనూ బ్లీచింగ్‌తోనూ కలపొద్దు, కలిస్తే కనబడదు. కేంద్రం సంతాన నియంత్రణ పథకం కింద కుక్కకు 800, పిల్లికి 600 రూపాయల సాయం ప్రకటించింది. ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆపరేషన్ గదులు, పంజరాలు కట్టుకోవడానికి ఒకేసారి 2 కోట్ల దాకా గ్రాంటు కూడా ఉంది. 800 అంటే 1,650లో సగం కూడా కాదు, కానీ వదులుకునేంత చిన్నదీ కాదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు జంతు సంక్షేమాన్ని సామాజిక బాధ్యత ఖర్చుగా ఒప్పుకుంటుంది. మీ పరిధిలో సిమెంటు ఫ్యాక్టరీయో, మందుల కంపెనీయో ఉంటే అడగండి. ఒక జాగ్రత్త: వాళ్ల డబ్బుతో షెడ్డు కట్టించుకోండి, వ్యాను కొనిపించుకోండి, జీతాలు మాత్రం దాని మీద ఆధారపడేలా చేయకండి. ఫలకం మీద పేరు పడే పనికే వాళ్లు ఉత్సాహంగా ఇస్తారు, మూడో ఏడు కుక్కల తిండికి ఇవ్వరు.

ఇంకో వింత ఆదాయం కోర్టు చూపించింది. ఆగస్టు 22 ఆదేశంలో, కుక్కల కేసులో తమ వాదన వినమని వచ్చిన వ్యక్తులు 25,000, స్వచ్ఛంద సంస్థలు 2 లక్షల రూపాయలు జమచేయాలని, ఆ డబ్బు వీధికుక్కల వసతులకు వాడాలని చెప్పింది. కుక్కల మీద ప్రేమకూ ప్రవేశ రుసుము పెట్టారని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే అందులో న్యాయం లేకపోలేదనిపించింది, దాంతో ఏ పట్టణమూ గట్టెక్కదన్నది వేరే సంగతి.

చిన్న ఊరికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి డబ్బు కూడా కాదు. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థే ఆపరేషన్లు చేయాలి. అందుకు గది ఉండాలి, పంజరాలుండాలి, అనుభవమున్న డాక్టరుండాలి. లక్ష జనాభా ఊరు ఒంటరిగా ఏడాది పొడవునా అలాంటి కేంద్రాన్ని పోషించలేదు, పోషించాల్సినంత పనీ దానికుండదు. నాలుగైదు మున్సిపాలిటీలు, వాటి చుట్టూ ఉన్న పంచాయతీలు కలిసి ఒక ఉమ్మడి కేంద్రం పెట్టుకోవాలి. ఎవరి జనాభాను బట్టి వారు వాటా వేసుకోవాలి. కుక్కకు మున్సిపల్ హద్దు తెలియదు కాబట్టి పంచాయతీల్ని వదిలేస్తే ఈ పనికి అర్థం లేదు. కేరళలో జిల్లా పంచాయతీల ద్వారా గ్రామాలు వాటాలు వేసుకుని ఇలాగే చేస్తున్నాయి. అక్కడి పాఠం ఇంకొకటుంది: కుటుంబశ్రీ మహిళా సంఘాలు కుక్కల్ని పట్టి ఆపరేషన్లు చేయించే పని చాన్నాళ్లు చేశాయి. బోర్డు గుర్తింపు లేదని 2021 డిసెంబరులో హైకోర్టు ఆపేసింది. మంచి పని కాగితం లేక ఆగిపోయింది. మీరు కాగితంతోనే మొదలుపెట్టండి.

పెంపుడు కుక్కల విషయం. 2023 నిబంధనల ప్రకారం వాటి టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యత. నచ్చిన జాతి కుక్కపిల్లను కొని, అది పెరిగి పెద్దయ్యాక, ఈనిన పిల్లల్ని సంచిలో వేసి చెరువుగట్టున వదిలివచ్చే పెద్దమనుషులు మీ వార్డుల్లోనూ ఉంటారు. అమెరికాలో చాలా స్థానిక ప్రభుత్వాలు దీన్ని లైసెన్సు రుసుముతో కట్టడి చేస్తాయి. మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉండే న్యూజెర్సీనే తీసుకోండి. అక్కడ కుక్కకు మున్సిపల్ లైసెన్సు తప్పనిసరి, ఆపరేషన్ చేయించని కుక్కకు 3 డాలర్లు అదనంగా కట్టాలి, ఆ 3 డాలర్లు పేదల పెంపుడు జంతువులకు తక్కువ ఖర్చులో ఆపరేషన్లు చేయించే రాష్ట్ర నిధికి పోతాయి. మేరీల్యాండ్ ఇంకో దారి పట్టింది: రాష్ట్రంలో అమ్మే పెంపుడు జంతువుల ఆహారం మీద కంపెనీల దగ్గర రుసుము వసూలుచేసి ఆపరేషన్లకు గ్రాంటులిస్తుంది. మన ఊళ్లో లైసెన్సు రుసుముతో నిధి నిండుతుందని నేననను. ఎక్కువ పెడితే జనం లైసెన్సే తీసుకోరు, లేదా కుక్కని వీధిలోకి తోలేస్తారు. ఆపరేషన్ అయినవాటికి ఉచితం, కానివాటికి కొద్దిపాటి రుసుము పెడితే చాలు. దానివల్ల వచ్చేది డబ్బుకన్నా ముఖ్యంగా జాబితా. ఏ ఇంట్లో ఏ కుక్క ఉందో తెలిస్తే చెరువుగట్టున దొరికిన పిల్లలు ఎక్కడివో అడగొచ్చు.

వీధిలైట్లకే దిక్కులేదు, కుక్కలకు లక్షలా అని కౌన్సిల్లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో తప్పులేదు, ఎందుకంటే కుక్క కరిస్తే అయ్యే ఖర్చు మీ పుస్తకాల్లో ఎక్కడా కనబడదు. అది ఏరియా ఆస్పత్రి పుస్తకాల్లో ఉంటుంది. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షల 17 వేలు. ప్రతి కాటుకూ టీకా డోసులు, లోతైన గాయమైతే ఖరీదైన ఇమ్యూనోగ్లోబ్యులిన్, ఆపైన కూలి మానుకుని ఆస్పత్రికి తిరగడం. మీరు ఖర్చు పెడితే ఆదా అయ్యేది వైద్య శాఖకి, రోగి జేబుకి. అందుకే ఈ ఖర్చు దండగలా కనిపిస్తుంది. ఆస్పత్రి సూపరింటెండెంటును అడిగి కుక్కకాటు రిజిస్టరు నెలనెలా వార్డులవారీగా తెప్పించుకోండి. ఏ వార్డుతో మొదలుపెట్టాలో అదే చెబుతుంది, కలెక్టరు దగ్గర వైద్య శాఖ వాటా అడగడానికి చేతిలో కాగితమూ ఉంటుంది.

చికెన్, మటన్ కొట్ల వ్యర్థాల గురించి ఒక్క ముక్క. పారిశుద్ధ్యానికని కేటాయించి ఇచ్చే ఆర్థిక సంఘం నిధుల్ని ఆపరేషన్లకు మళ్లించలేకపోవచ్చు, ఆ వ్యర్థాల్ని ఏరోజుకారోజు తరలించడానికి మాత్రం నిక్షేపంగా వాడొచ్చు. వీధి చివర పేగుల కుప్ప ఉన్నంతకాలం ఏ ఆపరేషన్ లెక్కా నిలబడదు.

కుక్కల్ని ప్రేమించేవాళ్లను కూడా ఈ పనిలోకి లాగండి. వాళ్లతో మీకు రోజూ గొడవలే ఉంటాయని తెలుసు. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిస్తేనే ఆ పిరికి ఆడకుక్క వస్తుంది, వలకు రాదు. తిండిపెట్టే చోటు మీరు చూపించండి, పట్టే రోజు వాళ్లు వచ్చి పిలవాలని షరతు పెట్టండి. ఒప్పుకోనివాళ్ల ప్రేమ ఎంతటిదో అప్పుడు తేలుతుంది.

2025 అక్టోబరు 27న సుప్రీంకోర్టు చూసుకుంటే, ఆగస్టు 22 ఆదేశాల అమలు మీద అఫిడవిట్ వేసినవి పశ్చిమ బెంగాల్, తెలంగాణ, ఢిల్లీ కార్పొరేషన్ మాత్రమే. ఆంధ్రప్రదేశ్ సహా మిగతా రాష్ట్రాల ప్రధాన కార్యదర్శుల్ని స్వయంగా రమ్మంది. తెలంగాణ పట్టణాలవారు దీనికి పొంగిపోవద్దు, అఫిడవిట్ కాగితమే, కుక్క చెవి మీద గాటు కాదు. ఆంధ్ర పట్టణాలవారు పైనుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఆగొద్దు. పక్క మున్సిపాలిటీలకు ఉమ్మడి కేంద్రం గురించి లేఖ రాయడానికి, జిల్లా పశుసంవర్ధక అధికారిని ఒక డాక్టరును అడగడానికి, బోర్డు గుర్తింపుకు దరఖాస్తు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కౌన్సిల్ తీర్మానం ఒక్కటి చాలు. ఈ మూడూ బడ్జెట్ సమావేశం అజెండాలో ఒకే అంశంగా పెట్టండి, పద్దు పేరుతో, రూపాయల్లో అంకెతో.

ఇట్లు,
మీ పట్టణాల్లో ఇంటిపన్ను కట్టే ఒక పౌరుడు